వెనక సీటు లేని బండి

మీలో ఎంతమంది ఆ రైలు వంతెన కింద దెయ్యాన్ని కళ్ళారా చూశారు? చూసినవాళ్ళ బావమరుదులు కాదు, చూసినవాళ్ళ పక్కింటివాళ్ళు కాదు. మీరు... మీ రెండు కళ్ళతో?

సరే, ముందు వంతెన సంగతి చెప్పాలి.

పైన గూడ్సు బండ్లు పోతుంటాయి. కింద రోడ్డు పల్లంలోకి దిగి, ఓ మలుపు తిరిగి, అవతల కాలనీలోకి ఎక్కుతుంది. రాతిగోడలు మండుటెండల్లో కూడా చెమ్మగానే ఉంటాయి. అక్కడ దీపం పెట్టిన ప్రతిసారీ ఎవరో పగలగొడతారు — లేకపోతే దానంతటదే పగులుతుంది. చెప్పేవాడి గుండెధైర్యాన్ని బట్టి.

రాత్రి తొమ్మిది దాటాక అక్కడొక ఆడమనిషి నిలబడుతుందట. తెల్లటి మొహం... తెల్లటి చేతులు... ఆఖరికి కనుబొమ్మలు కూడా తెలుపేనట. "కొంచెం దింపుతావా?" అని గుసగుసగా అడుగుతుందట. ఎక్కించుకున్నావా, వీపు మీద చెయ్యి వేస్తుంది. అంతే.

"అంతే అంటే?" అని అడిగిన మొదటి మనిషి గుండుసూది.

అది ఇంట్లోవాళ్ళు పెట్టిన ముద్దుపేరు. పొట్టి మనిషి, పదును మాట. కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పని. రోజంతా ముందర ఎవరెవరివో చిగుళ్ళ అచ్చులు, మోచేతుల దాకా ప్లాస్టర్ పొడి. "ఈ ఊళ్ళో సగంమంది నవ్వు నా చేతిలోదే, కాస్త మర్యాదగా ఉండండి" అని బెదిరిస్తుంటుంది అందర్నీ.

"అంతే అంటే... అంతే!" అన్నాడు ఆమె అన్నయ్య. "నువ్వు నమ్మకపోతే జాకెట్టు ఉందిగా."

ఆ జాకెట్టు గురించి తెలియనివాళ్ళు కాలనీలో లేరు. నల్లటి రైడింగ్ జాకెట్టు, భుజం మీద రెక్కలు చాచిన గద్ద బొమ్మ. వీపు మధ్యలో తెల్లగా... ఐదు వేళ్ళూ విప్పిన అరచెయ్యి. రెండేళ్ళ కిందట ఒక రాత్రి ఆ వంతెన కింద నుంచి అన్నయ్య ప్రాణాలరచేత పట్టుకొచ్చినప్పటిది. ఉతక్కుండా, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో వేలాడదీశాడు. చుట్టాలొస్తే కాఫీకన్నా ముందు జాకెట్టు బయటికొస్తుంది. ఒకసారి కవరు విప్పి చూస్తానని గుండుసూది చెయ్యి పెడితే ఠపీమని కొట్టాడు.

అప్పట్నుంచి చీకటిపడ్డాక ఆ ఇంటి ఆడవాళ్ళకి ఆ దారి బంద్. చుట్టు తిరిగి ఫ్లైఓవర్ మీదుగా రావాలి, లేదా అన్నయ్య వచ్చి తీసుకెళ్ళాలి. వదిన నైట్ క్లాసులు మానేసింది. అమ్మ సాయంత్రం నడక మానేసింది. గుండుసూది మాత్రం బండి కొంది.

మామూలు బండి కాదు... ఇటలీ బండి!

మెకానిక్ మావయ్య షెడ్డులో, పాత దుప్పటి కింద దాన్ని మొదటిసారి చూసినప్పుడే ఆమెకి నోట మాట రాలేదు. నోట మాట రాకపోవడం ఆ పిల్ల జీవితంలో అదే మొదలు. దుప్పటి లాగాడాయన. ఎరుపు! పెదవి కొరికితే చిమ్మే నెత్తురులాంటి ఎరుపు. కిందికి వంగిన హ్యాండిళ్ళు, దూకబోయే పిల్లి నడుములాంటి ట్యాంకు, చిక్కి సన్నబడిన తోక, ఆ తోక కిందే రెండు సైలెన్సర్లు.

"ఇది బతిమాలితే మాట వినే రకం కాదమ్మా" అన్నాడు మావయ్య. "క్లచ్ రాయిలా ఉంటుంది. అద్దాల్లో నీ మోచేతులు తప్ప ఇంకేం కనపడవు. నీ కాళ్ళు నేలకి అందవు. ఆలోచించుకో."

"స్టార్ట్ చెయ్యి మావయ్యా."

స్టార్ట్ చేశాడు. షెడ్డు రేకులు అదిరాయి. అరలో స్పానర్లు ఒకదాన్నొకటి తాకి గలగలమన్నాయి. ఆ చప్పుడు చెవుల్లోకి రాలేదు, నేరుగా పక్కటెముకల్లోకి వచ్చింది. గుండుసూది రెండు చేతులతో ట్యాంకు పట్టుకుంది. తీసేసరికి ఎరుపు మీద రెండు తెల్లటి చేతి ముద్రలు — ప్లాస్టర్!

"ముద్ర వేసేశావుగా, ఇక నీదే" అని నవ్వాడాయన. "ఇంట్లో గొడవైతే వారంలోగా తెచ్చెయ్, నేనే తీసుకుంటా."

గొడవ కాకుండా ఉంటుందా?

అన్నయ్య బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. కళ్ళు మెరిశాయి. "బాగానే ఉంది. సరే, నేను నడుపుతా. నువ్వు వెనక కూర్చో."

"వెనక సీటు లేదు."

"లేదంటే?"

"లేదంటే లేదు. ఒక్కళ్ళకే సీటు. చూసే కొన్నాను."

వదిన వంటింట్లో గిన్నె చాటున నవ్వింది. అన్నయ్య మొహం గంటు పెట్టుకున్నాడు. "అయితే విను. రేపట్నుంచి వారం రోజులు వంతెన కిందనుంచే రా. ఒక్కదానివే. ఒక్క రాత్రి భయపడి 'అన్నయ్యా, రా' అని ఫోన్ చేశావో — బండి మావయ్య షెడ్డుకి పోతుంది. మళ్ళీ నా ముందు బండి మాట ఎత్తకూడదు."

"ఒరేయ్, దెయ్యం నోట్లోకి పంపిస్తావురా చెల్లెల్ని?" అంది అమ్మ.

"వెనక సీటే లేదు కదమ్మా. దెయ్యమెక్కడ కూర్చుంటుంది?" అంది గుండుసూది. "పందెం ఖాయం."

మర్నాడు ల్యాబ్‌లో పని ముగిసేసరికి తొమ్మిదిన్నరైంది. చిరుజల్లు పడి ఆగింది. బండెక్కింది. కాలి బొటనవేలు మాత్రమే నేలకి ఆనింది. గేరు వేసి క్లచ్ వదిలిందో లేదో — ఊరు వెనక్కి జరిగిపోయింది!

రెండో గేరు. చిన్నప్పటినుంచి ఎవరో ఒకరి వెనక, ఎవరో ఒకరి వీపు చూస్తూ తిరిగిన పిల్ల. ఇప్పుడు ముందర వీపు లేదు. రోడ్డుంది. మూడో గేరు. మణికట్లు లాగుతున్నాయి, మెడ నొప్పెడుతోంది, హెల్మెట్ లోపల తనకు తెలియకుండానే కేకలు పెడుతోంది. ఎవరికీ వినపడదు. ఎవరికి వినపడితే ఏం?

వంతెన వచ్చింది.

పల్లంలోకి దిగుతుండగా చలి తగిలింది... రాతిగోడల చలి. దాంతోపాటే, వెనకనుంచి, తొడల కింద... వెచ్చగా... ఎవరో ఊపిరి వదులుతున్నట్టు...

అద్దంలోకి చూసింది. తన మోచెయ్యే.

చెయ్యి మెల్లగా వెనక్కి పెట్టింది... కాలింది! "ఛీ, సైలెన్సర్లు" అని తన్ను తనే తిట్టుకుంది. సీటు కింద పొయ్యి పెట్టుకుని తిరుగుతూ దెయ్యమంటోంది!

సరిగ్గా అప్పుడే తల మీద గూడ్సు బండి విరుచుకుపడింది. ఆ హోరుకి చెయ్యి ఉలిక్కిపడి క్లచ్ వదిలేసింది. బండి ఒక్క కుదుపు కుదిపి... ఆగిపోయింది.

రైలు వెళ్ళిపోయింది.

నిశ్శబ్దం. గోడల మీదనుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు. చల్లారుతున్న ఇంజిన్ టిక్... టిక్... మంటోంది. స్టార్టర్ నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ నొక్కింది. లేదు.

అప్పుడు వినిపించింది.

ఒక అడుగు... ఈడ్పు. ఒక అడుగు... ఈడ్పు.

తను దాటొచ్చిన మలుపు వెనకనుంచి. దగ్గరవుతోంది.

చేతిలోకి ఫోన్ ఎప్పుడొచ్చిందో తెలియదు. అన్నయ్య పేరు మీద బొటనవేలుంది. నొక్కితే చాలు, రెండు నిమిషాల్లో వచ్చేస్తాడు. వచ్చి, బండి తీసుకెళ్తాడు. ఆ తర్వాత చీకటిపడిన ప్రతి పూటా, బతికినంతకాలం, ఎవరో ఒకరి వీపు వెనక...

ఫోన్ జేబులో పెట్టేసింది.

బండి పక్కగా నడిచి హెడ్‌లైటు వెలుగులోకి వచ్చింది ఆ మనిషి. తెల్లటి మొహం. తెల్లటి చేతులు. కనుబొమ్మలూ... తెలుపే.

"కొంచెం... దింపుతావా?"

గుండుసూది అడిగింది, గట్టిగా —

"ఎక్కడికి?"

తెల్ల మొహం ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"ఎక్కడికి దింపాలి అన్నాను."

"అమ్మయ్యో!" అని గోడకి ఆనుకుంది దెయ్యం. "ఇన్నాళ్ళకి ఆ మాట అడిగిన మనిషి దొరికింది. నర్సరీ వెనక లైను తల్లీ. కాలు సహకరించడం లేదు. అడిగిన ప్రతివాడూ కేకపెట్టి పోతాడు... నేనేమన్నా దెయ్యాన్నా?"

"దెయ్యం కాకపోతే ఈ తెలుపేంటి?"

"పిండి! రొట్టెల ఫ్యాక్టరీలో పిండి జల్లెడ పట్టే పని. మా వ్యాను ఎత్తు, వంతెన కింద పట్టదు. అవతలే దింపేస్తాడు డ్రైవరు. అక్కడినుంచి నడకే."

ఆమె చెయ్యి బండి తోక మీద ఆనింది. ఎరుపు మీద తెల్లటి అరచెయ్యి. గుండుసూది ఆ ముద్రని వేలితో రాసి చూసింది. ప్లాస్టరైతే గరగరలాడేది. ఇది మెత్తగా జారింది... పులిసిన పిండి వాసన.

రెండేళ్ళుగా ఒక కవర్లో దాచి పూజించింది దీన్నా!

"అక్కా... ఆ కాలికేమైంది?"

"ఏమవుతుంది? రెండేళ్ళ కిందట ఒక మహానుభావుడు ఎక్కించుకున్నాడు. వంతెన దాటకముందే అద్దంలో నా మొహం చూశాడు. కెవ్వున అరిచి బండి లాగించాడు. నేను కింద పడ్డాను. తెల్లారేదాకా ఇక్కడే... ఇదిగో, ఈ గోడ పక్కనే."

"ఎలా ఉంటాడు?"

"మొహం ఎక్కడ చూశాను, హెల్మెట్టు ఉంది. నల్ల జాకెట్టు. భుజం మీద రెక్కల పిట్టేదో..."

టిక్... టిక్... ఇంజిన్ చప్పుడు కూడా ఆగిపోయింది.

గుండుసూది గేరు తీసి న్యూట్రల్‌లో పెట్టి — కంగారులో మర్చిపోయింది అదే — స్టార్టర్ నొక్కింది. సొరంగమంతా గర్జించింది.

"నా బండికి వెనక సీటు లేదక్కా. తోక పట్టుకుని నడవగలవా?"

"సీటు లేదా! మరి ఇంత బండి ఎందుకే తల్లీ?" అంటూనే పట్టుకుంది. రెండడుగులు వేసి, "అయినా వెచ్చగా ఉంది, చలికి హాయిగా..." అంది.

గుండుసూది దిగి పక్కన నడిచింది, మొదటి గేరులో, క్లచ్ వదిలీ వదలకుండా. చెయ్యి ఊడిపోతుందేమో అన్నంత బరువు. అయినా ఆపలేదు.

ఇంటి గేటు దగ్గర అన్నయ్య, అమ్మ, వదిన నిలబడి ఉన్నారు. బండి వెలుతురు పడగానే అన్నయ్య నవ్వబోయాడు. వెలుతురు వెనకనుంచి ఆమె ముందుకొచ్చింది.

అమ్మ కెవ్వుమంది. అన్నయ్య అరవలేదు. అది గమనించింది గుండుసూది. దెయ్యాన్ని చూసినవాడు అరుస్తాడు. ఇతను తలవంచుకున్నాడు.

"అన్నయ్యా, జాకెట్టు తీసుకురా. మనిషి వచ్చింది, చెయ్యి సరిపోతుందేమో చూద్దాం."

అతను కదల్లేదు. ఆ పిండి మొహం అతన్ని కిందనుంచి పైదాకా చూసింది.

"నువ్వా బాబూ? దెయ్యమనుకున్నావు, సరే. నా మొహమే అలా ఉంటుంది, షిఫ్టు దిగాక. కానీ ఒక్కటి చెప్పు. నేను రోడ్డు మీద పడ్డ చప్పుడు... నీకు వినపడలేదా?"

వీధంతా చెవులు రిక్కించినట్టుంది.

"వినపడింది" అన్నాడు అన్నయ్య.

వదిన చేతిలో తాళాలు కింద పడ్డాయి.

అర్థమైందా? ఆ చప్పుడు విన్నాడు. కిందపడింది మనిషైతే వెనక్కి తిరిగి రావాలి. దెయ్యమైతే అక్కర్లేదు. అందుకని దెయ్యాన్ని చేశాడు. చేసి, కవర్లో పెట్టి, బీరువాలో వేలాడదీసి, దాన్ని చూపించి ఇంట్లో ఆడవాళ్ళకి దారి మూశాడు.

"నేను... దింపుతాను. నా బండికి సీటుంది" అన్నాడు.

"వద్దులే బాబూ" అందామె. "ఈ అమ్మాయితో నడిచే పోతా."

బండి తోక పట్టుకుని నడిచే పోయారు. వదిన కూడా చెప్పులు వేసుకుని వాళ్ళ వెంట కదిలింది. ఎవర్నీ అడగలేదు.

ఆమెని గుమ్మం దాకా దింపాక, వదినని ఇంటికి పంపి, గుండుసూది ఒక్కతే బండెక్కింది. ఇంటివైపు తిప్పలేదు. వంతెనవైపు తిప్పింది. పల్లంలోకి దిగుతూ యాక్సిలరేటర్ మెలితిప్పింది — రెండో గేరు, మూడో గేరు! రాతిగోడలు గొంతెత్తి అరిచాయి. చెమ్మ పట్టిన చీకటి ముక్కలు ముక్కలై రెండు పక్కలా ఎగిరిపోయింది. అవతలికి పోయి వెనక్కి తిరిగింది, మళ్ళీ దూసుకొచ్చింది. మళ్ళీ పోయింది. వీపు మీద ఎవరి చెయ్యీ లేదు. ముందర ఎవరి వీపూ లేదు.

బండి వెనక్కిచ్చే మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కానీ ఆమె బండికి సీటు లేదు. మీ బండ్లకి ఉంది. రొట్టెల వ్యాను ఇప్పటికీ రోజూ రాత్రి వంతెన అవతలే ఆగుతోంది, అందులోంచి ఒక్కరు కాదు, ఐదారుగురు దిగుతున్నారు. వాళ్ళ మొహాలన్నీ తెల్లగానే ఉంటాయి. ఈ రాత్రి మీలో ఒకరు వెళ్ళండి. రేపు ఇంకొకరు. మొహం చూసి ఉలిక్కిపడితే పడండి, తప్పులేదు... కానీ బండి ఆపండి. వాళ్ళు ఎక్కి సరిగ్గా కూర్చునేదాకా గేరు వెయ్యకండి.