"ముట్టుకోరాదు" అని రాసిన కట్టు

అద్దాల కొట్టు గుండుమామను నేను ఈ జన్మలో క్షమించను. "ఏం కాదు, అటు చివర పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. అద్దం ఆయన వైపు నిక్షేపంగా ఉంది. నా వైపు మాత్రం పగిలి, నా కుడి మణికట్టు మీద పడింది.

నేను బోర్డులు రాసే పెయింటర్ని. కంప్యూటర్ బోర్డులు వచ్చి నా పని సగం మింగేశాయి. మిగిలిన సగం చేసేది ఆ కుడిచెయ్యే. డాక్టరు గారు ఆపరేషన్ చేసి, తెగిన నరాలు కలిపి, పిండికట్టు వేసి, పైన తెల్లగుడ్డ చుట్టారు.

"కట్టుకి తడి తగలకూడదు. లోపల చీము పట్టిందంటే ఆ వేళ్లు కుంచె పట్టడం కష్టం" అన్నారు.

ఆ మాట నాకంటే గట్టిగా మా బుడంకాయ బుర్రకెక్కింది. బుడంకాయ అంటే మా అమ్మాయి. నాలుగో తరగతి. నోరు మాత్రం పదో తరగతి.

ఆదివారం పొద్దున్నుంచీ పరామర్శకు జనమే జనం. వచ్చినవాళ్లు ఊరికే కూర్చుంటారా? ఒకాయన కట్టు నొక్కి "ఇక్కడేనా?" అన్నాడు. ఒకావిడ గోరుతో తట్టి "గట్టిగానే ఉందే" అంది. గుండుమామ అయితే చేతికి అద్దాలు అతికించే లప్పం మరకలతోనే వచ్చి నా వేళ్లు పట్టుకుని ఊపాడు.

"మామా, చేతులు కడుక్కున్నావా?" అని బుడంకాయ నిలదీసింది.

"నా చేతులకేమే, బంగారం!" అన్నాడాయన.

మధ్యాహ్నం మాత్ర వేసుకుని నిద్రపోయాను. అప్పుడే బుడంకాయకు ఒక ఆలోచన వచ్చింది. పెయింటర్ కూతురు కదా, తెల్లగా ఖాళీగా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. నీళ్ల రంగుల డబ్బా తెచ్చింది. వారం రోజులుగా కుంచెలు కడుగుతున్న మగ్గులో కుంచె ముంచింది. నా కట్టు మీద ఎర్రటి అక్షరాలతో "ముట్టుకోరాదు" అని రాసింది. ప్రతి అక్షరానికీ పసుపు రంగు నీడ కూడా వేసింది.

రాశాక వేలితో తాకి చూసింది. గుడ్డ చెమ్మగా మెత్తబడి ఉంది. నోటితో ఊదింది. పుస్తకంతో విసిరింది. ఆరలేదు. చివరికి వాళ్లమ్మ ఉన్ని సాక్సు తెచ్చి, నా చేతికి మోచేతి దాకా తొడిగేసింది.

లేచేసరికి నా చేతికి సాక్సు ఉంది.

"ఇదేంటే?"

"దుమ్ము పడకుండా నాన్నా. తీయకు!"

నా కూతురికి ఎంత ప్రేమో అని కళ్లు చెమర్చాయి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

సోమవారం బుడంకాయ అన్నం సరిగా తినలేదు. "నాన్నా, నొప్పిగా ఉందా?" అని తొమ్మిదిసార్లు అడిగింది. లేదన్నాను. సాయంత్రానికి నిజంగానే సలపడం మొదలైంది. మంగళవారం పొద్దున్నే మా ఆవిడ నన్ను ఆసుపత్రికి బయల్దేరదీసింది. బుడంకాయ బడి మానేసి మరీ మా వెనకే వచ్చింది.

కట్లు మార్చే నర్సమ్మ సాక్సు లాగింది. కట్టు చూసింది. నా వంక చూసింది.

"నాకు చదవడం వచ్చు కాబట్టి అడుగుతున్నా. ఇప్పుడు నన్ను ముట్టుకోమంటారా, వద్దంటారా?"

నేను నోరు తెరిచాను. కోపంలోనూ నా కళ్లు అక్షరాల మీదే పడ్డాయి. "ట్టు" కాస్త ఇరుకైంది గానీ, నీడ బాగా కుదిరింది.

లోపలి దూది కూడా తడిసి వాసనేస్తోంది. కుట్ల చివర ఎర్రగా వాచింది. డాక్టరు గారు చూసి శుభ్రం చేయించి, మాత్రలు మార్చారు. "ఇంకా ఆలస్యం చేసి ఉంటే మళ్లీ కొయ్యాల్సి వచ్చేదేమో" అన్నారు.

బుడంకాయ గోడకు అతుక్కుపోయింది. "అందరూ నొక్కుతున్నారని రాశా... తడిసిందని చెబితే నాన్న తిడతాడని..." అంటూ ఏడ్చేసింది.

నర్సమ్మ కొత్తగుడ్డ చుడుతూ, "ఆదివారమే వచ్చి ఉంటే నాకు పది నిమిషాల పని, తల్లీ" అంది. నేను తిట్టడానికి చాలా మాటలు సిద్ధం చేసుకున్నాను గానీ, ఏడుస్తుంటే ఎలా తిట్టను?

వారం తిరిగేసరికి ఎరుపు తగ్గింది. ఇంకో మూడు రోజుల్లో కుట్లు తీస్తామన్నారు. ఒక సాయంత్రం నేను కిటికీలోంచి ఎదురింటి కంప్యూటర్ బోర్డును చూసి పళ్లు నూరుతున్నాను. బుడంకాయ గ్లాసుతో నీళ్లు తెచ్చింది. గడప తగిలి గ్లాసు తొణికింది. నేను చూడలేదు. వాళ్లమ్మా చూడలేదు.

"నాన్నా, లే. చెప్పులేసుకో."

"ఎక్కడికే?"

"నీ కట్టు మీద నీళ్లు పోశా. నేనే. తిట్టాలంటే దారిలో తిట్టు, ముందు నడు!"

నా ఎడమచెయ్యి పట్టుకుని వీధంతా లాక్కెళ్లింది. నర్సమ్మ తలెత్తేలోపే చెప్పేసింది.

"నాలుగు చుక్కలు. బొటనవేలి పక్కన. ఇప్పుడే!"