వెరా వేసుకోని షూ

మొదటి తూటా ఇల్యా మోకాలికి తగిలింది. రెండోది గొంతులో దిగింది. ఒటావా హోటల్ వెనక మెట్ల మీద, టూర్‌కొచ్చిన రష్యన్ బ్యాలే కంపెనీ హీరో తన రక్తంలో తానే జారిపడి ప్రాణం విడిచాడు.

మర్నాడు మధ్యాహ్నం హామిల్టన్ థియేటర్లో, మెడలో ఫిజియో బ్యాడ్జి వేసుకుని తిరుగుతున్న ఏజెంట్ జయదేవ్‌కి ఇంకా కడుపు మండుతూనే ఉంది. ఇయర్‌పీస్‌లో చీఫ్ శకుంతల బ్రీఫింగ్ సాగుతోంది.

"ఒటావా పక్కనున్న కనాటాలోని టెలికాం కంపెనీల సీక్రెట్స్ ఈ ట్రూప్ లగేజ్‌లోనే దేశం దాటుతున్నాయి. పార్సెల్ మోస్తే లీడ్ రోల్, మోయకపోతే ఆఖరి వరుస. ఇల్యా ఇక మోయనన్నాడు."

"బాస్ ఎవరో వెరాకీ తెలీదా, మేడమ్?"

"తెలీదు. తను మనకి పనిచేస్తోందని ఆ బాస్‌కి మాత్రం తెలిసిపోయినట్టుంది. ఆ అమ్మాయి ప్రాణం నీ పూచీ."

కంపెనీ హీరోయిన్ వెరా డ్రెస్సింగ్ రూమ్‌లో అద్దం ముందు కూర్చుని ఉంది. చూపు తిప్పుకోనివ్వని అందం. జయదేవ్ మైక్రోఫోన్ దాచిన టేపు చుట్ట బయటికి తీశాడు.

"మోకాలు ఎలా ఉంది?"

"వానొచ్చేలా ఉంది."

కోడ్ సరిపోయింది. "షో మానెయ్యండి," అన్నాడు.

"మానితే ఇల్యాని చంపినవాడు దొరకడు. పదేళ్లు పార్సెళ్లు మోసి హీరోయిన్‌నయ్యాను. ఒక్కరోజు ఏమీ మోయకుండా ఆడనివ్వండి."

తలుపు తెరుచుకుంది. మేనేజర్ గ్రిగోరీ. హాళ్లు బుక్ చేయడమే తప్ప జన్మలో ఒక్క అడుగు నాట్యం చేసినవాడు కాడు. "కొత్త జత తెచ్చాను. ఇవాళ ఇవే వేసుకో," అన్నాడు మురిపెంగా.

వెరా ఒక షూ అందుకుని, గోడకేసి బాదడానికి చెయ్యెత్తింది. కొత్త షూ మెత్తబడేదాకా బాదనిదే ఏ బ్యాలే డాన్సరూ కాలికి తొడగదు.

"వద్దు!" గ్రిగోరీ చెవులు మూసుకుని నేల మీద బోర్లా పడ్డాడు.

గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడం విన్నాడు గానీ, ఇలా బోర్లా పడేవాణ్ణి జయదేవ్ ఎప్పుడూ చూడలేదు. వెరా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. షూ ముక్కులో బాంబు ఉంది. స్టేజీ మీద ఆమె మునివేళ్లపై లేవగానే పేలాలి.

జయదేవ్ దూకాడు. గ్రిగోరీ పిస్టల్ పేలింది. జయదేవ్ భుజం చీలిపోయింది. అయినా స్టూలెత్తి మొహం మీద కొట్టాడు. పళ్లు రాలాయి. గ్రిగోరీ ఆ గాయం మీదే తన్ని, కారిడార్ చివర లోడింగ్ డాక్‌లోకి పరిగెత్తి వెనక్కి తిరిగాడు. గురి తిన్నగా జయదేవ్ నుదుటికి.

"ఇల్యా కూడా ఇలాగే చూశాడు," అన్నాడు నెత్తురు ఉమ్ముతూ.

ట్రిగ్గర్ మీద వేలు బిగుస్తుండగా, జయదేవ్ తల మీదుగా షూ ఎగిరివచ్చింది.

పొగ విడేసరికి ఇనుప షట్టర్‌కి పెద్ద కన్నం పడింది. గ్రిగోరీలో ఎత్తడానికి వీలైన ముక్క లేదు. వెరా ఇల్యా పేరు పెట్టి బిగ్గరగా ఏడ్చింది. తరవాత కళ్లు తుడుచుకుని, "ఇక ఏమీ మోయక్కర్లేదు కదూ?" అంది.

"జయదేవ్! రిపోర్ట్‌లో ఎలా చచ్చాడని రాయను?" ఇయర్‌పీస్‌లో శకుంతల.

"చెప్పు దెబ్బకి అని రాయండి, మేడమ్. మనవైపు పరువొక్కటే పోతుంది. వీడికి పోవడానికి అది లేదు కదా, ప్రాణం పోయింది."