జమీందారు గిన్నె

"మా జమీందారుకి సాయంత్రం అయిదింటికి సూది వేసి చంపేస్తారట. నేను చంపనివ్వను," అంది ఆవిడ లోపలికి వస్తూనే. జుట్టులో ఇంకా రంపపు పొట్టు ఉంది.

డిటెక్టివ్ ఆమెకు కుర్చీ చూపించింది. మూడు వారాల కిందటే డిటెక్టివ్‌కు మొగుడైన అసిస్టెంటు నోట్‌బుక్కు తెరిచాడు. జమీందారంటే పదేళ్ల కుక్క అని, దూడంత ఉంటుందని తెలిశాక అతని పెన్ను ఆగింది. డిటెక్టివ్ కళ్లతోనే రాయమంది. ఆ కళ్లు చెబితే అతను గోడ మీది బల్లి వాంగ్మూలమైనా రాసుకుంటాడు.

వచ్చినావిడ వడ్రంగి. తను మంచాలు, బీరువాలు చేస్తే అన్నయ్య పాలిష్ పెడతాడు. నెల రోజుల్లో కుక్క పక్కటెముకలు లెక్కపెట్టేలా తయారైంది. వయసైపోయింది, బాధపెట్టొద్దు అని అన్నయ్యే పశువుల డాక్టరును పిలిచాడు.

"రెండు పూటలా గిన్నె ఖాళీ అవుతోంది. కుక్క మాత్రం ఎండిపోతోంది. ఇది వయసు పని కాదండీ, మనిషి పని."

వాళ్లింటి వంటగదిలో అమ్మ కళ్లొత్తుకుంటూ కుక్క కూడు వండుతోంది. కోడిమాంసం, గుమ్మడికాయ, మెత్తటి అన్నం. భారీ కుక్కకు ముసలితనంలో కొవ్వు పెరగకూడదు, కండ తగ్గకూడదు అని డాక్టరు చెప్పిన పాఠం ఆవిడ గుక్కతిప్పుకోకుండా ఒప్పజెప్పింది. వండింది వదిన తీసుకెళ్లి, వెనక గదిలో గిన్నెలో పోసి వచ్చేస్తుందట. ఇదివరకు ఈ వడ్రంగి చెల్లెలే చేత్తో తినిపించేది. గారం ఎక్కువైందని నెల కిందట అన్నయ్య మాన్పించాడు.

వెనక గదిలో కిటికీ దగ్గర ఒక మంచం తలపట్టీ పాలిష్ ఆరుతోంది. దాని పక్కనే జమీందారు పడుకుని, వచ్చినవాళ్లకు మర్యాదగా ఒక్కసారి తోక కదిపాడు. డిటెక్టివ్ ఖాళీ గిన్నె ఎత్తి వెలుతురులో తిప్పింది, వాసన చూసింది. అసిస్టెంటు అందులో మొహం చూసుకుని క్రాపు సర్దుకున్నాడు. ఆమె నవ్వాపుకుని, అంచుకు అంటిన గోధుమరంగు దారప్పోగు ఒకటి చూపించింది. తర్వాత మూలనున్న పొట్టు గోనెసంచి దగ్గరికి నడిచింది. సంచిలోకి చీమల బారు సాగుతోంది.

అయిదింటికి డాక్టరు వచ్చాడు. డిటెక్టివ్ అందరినీ ఆ గదిలోకే పిలిచి, ఒకే కుండలోని కూడు సగం ఆ గిన్నెలో, సగం తన మొగుడి టిఫిన్ డబ్బా మూతలో పెట్టించింది. కుక్క గిన్నె దాకా వెళ్లి ముక్కు తిప్పుకుంది. మూతను మాత్రం నాకి నాకి గోడదాకా తోసింది.

"ఆకలి ఉంది, పళ్లున్నాయి. లేనిదల్లా తినదగ్గ గిన్నె," అంది డిటెక్టివ్. "కుక్క నాకిన గిన్నెకు జిగురుంటుంది, అంచున మెతుకులుంటాయి. ఇది అద్దంలా ఉంది, పాలిష్‌లో కలిపే స్పిరిట్ కంపు కొడుతోంది. పాలిష్ గుడ్డతో తుడిచారు. ముట్టని కూడు ఆ సంచిలో ఉంది. ఈ ఇంట్లో పాలిష్ గుడ్డ పట్టేది ఒక్కరే."

అన్నయ్య తలపట్టీ వైపు చూశాడు. తడి పాలిష్‌కు వెంట్రుకలు అంటుకుని మూడుసార్లు గీకి మళ్లీ పెట్టాల్సి వచ్చిందని, మొదటిసారి గిన్నెలో వెంట్రుకలుంటే చేతిలోని గుడ్డతో ఊరికే తుడిచానని చెప్పాడు. ఆ పూట కుక్క తినలేదు. కుక్కను ఇలాగే వదిలించుకోవచ్చన్న ఆలోచన అప్పుడే వచ్చిందట.

"ఎలాగూ ముసలిదేగా," అన్నాడు.

చెల్లెలు కుక్కకూ డాక్టరుకూ మధ్య నిలబడింది. "ముసలిదైతే నీకు అడ్డమా? నీకూ మోకాళ్లు పట్టేస్తున్నాయి అన్నయ్యా. నిన్నెవరైనా సూదికి పిలిచారా?"

డాక్టరు తన మందుల సంచీ మూసేశాడు. కూడు మూడు పూటలకు పంచి కొద్దికొద్దిగా పెట్టమని, వారం తర్వాత బరువు చూస్తానని చెప్పాడు. తలపట్టీని అమ్మా వదినా చెరో పక్కా పట్టుకుని వరండాలోకి మోసేశారు. గది జమీందారుకే మిగిలింది.

చెల్లెలు గిన్నె తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టింది.

"రేపటి నుంచి ఇది నువ్వే కడగాలి. నీళ్లతో. కడిగాక ముందు నువ్వు తిని చూపించు, తర్వాతే వాడు తింటాడు."