అన్ని ఇంటిపేర్లూ ఒకే గడిలో

అప్పలలక్ష్మి మొదటిసారి నాతో మాట్లాడింది నా తప్పులు చూపించడానికి.

సాల్ట్ లేక్ సెక్టార్ ఫైవ్‌లో మా ఆఫీసు. నేను సెర్చ్ టీమ్‌లో కొత్త. సొంతూరు జనగామ. కలకత్తా వచ్చి నెలయినా తెలుగు ముక్క చెవిన పడక మొహం వాచి ఉన్నాను. ఒకరోజు టెస్టింగ్ టీమ్ అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టింది.

"శశిధర్ అంటే నువ్వేనా? నీ కోడ్‌లో పదకొండు బగ్‌లున్నాయి."

బగ్‌ల మాట నాకు వినపడలేదు. తెలుగు వినపడింది.

"మీరు తెలుగా?" అన్నాను లేచి నిలబడి.

"ఖిదిర్‌పూర్ తెలుగు. మా తాత ఓడల డాక్‌లో పనిచేసీవోడు. నేను పుట్టింది ఇక్కడే. ముందు బగ్ సంగతి సెప్పు."

"పదకొండా? గన్ని ఏడున్నయ్?"

"గన్ని అంటే ఏటి?" అని ఫక్కున నవ్వింది. నేను అక్కడికక్కడే పడిపోయాను. పదకొండు బగ్‌లూ ఆ పూటే సరిచేసి, పన్నెండోది ఉందేమో చూడమని బతిమాలాను.

రెండు వారాల తర్వాత తనే ఒక పని చెప్పింది. వాళ్ళ మామ్మ అమ్మన్నమ్మ ఖిదిర్‌పూర్, లిలువా తెలుగు కుటుంబాలకి ముప్ఫై ఏళ్ళుగా సంబంధాలు చూస్తోంది. పెళ్లీడు పిల్లల వివరాలన్నీ లావుపాటి రిజిస్టర్లలో రాయించి పెట్టింది. ఇప్పుడు కళ్ళకి శుక్లాలు వచ్చి చదవలేకపోతోంది.

"నన్ను చదవమంటాది శశి దా. తెలుగు అచ్చరాలు కూడబలుక్కునేసరికి నాకు సాయంత్రం అయిపోతాది. నువ్వు చదివితే నేను టైప్ చేస్తాను. మామ్మకి ఒక సెర్చ్ చేసిపెడదాం. శనివారాలు వస్తావా?"

ఆమె వాక్యం పూర్తి కాకముందే సరే అన్నాను. ఆ 'దా' ఒక్కటే నచ్చలేదు. బెంగాలీలో దా అంటే అన్న. ఇక్కడ అందరూ అందరినీ అలాగే పిలుస్తారు, పట్టించుకోకూడదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

ప్రతి శనివారం పొద్దున్నే బస్సెక్కి ఖిదిర్‌పూర్ వెళ్ళేవాణ్ణి. వాళ్ళ క్వార్టర్ ముందు గదిలో నేను చదవడం, లక్ష్మి టైప్ చెయ్యడం, మామ్మ మంచం మీంచి అజమాయిషీ చెయ్యడం. ఒక్కో మనిషికీ మూడు ఇంటిపేర్లు: తన ఇంటిపేరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు, అమ్మమ్మ పుట్టింటి ఇంటిపేరు. ఈ మూడు గళ్ళూ విడివిడిగా వెతకడం దేనికని, సెర్చ్ ఇంజిన్ స్కీమాలో, అంటే ఏ గడిలో ఏముండాలో చెప్పే ఫైల్లో, నేను ఒకే ఒక్క లైన్ రాశాను. ముందు ఏమున్నా సరే, చివర 'ఇంటిపేరు' అని ఉన్న ప్రతి గడినీ 'అన్నీ' అనే ఒకే గడిలోకి కాపీ చెయ్యి. ముందు ఏమున్నా సరే అనడానికి ఒక స్టార్ గుర్తు చాలు.

ఆ తర్వాత ఇంకాస్త తెలివి చూపించాను. అమ్మాయి ఇంటిపేరు కొడితే, అది ఏ అబ్బాయి 'అన్నీ' గడిలో దొరికినా 'వరస కుదరదు' అని ఎర్రగా వచ్చేలా చేశాను. ఒకే ఇంటిపేరు వాళ్ళు అన్నాచెల్లెళ్ళే కదా! కావాలంటే ఆ పేజీ ప్రింటు తీసి చేతికివ్వచ్చు. నా పనికి నేనే మురిసిపోయాను.

నాలుగో శనివారం జోరున వాన. మోకాళ్ళ దాకా నీళ్ళలో నడిచి, తడిసి ముద్దయి చేరాను. నా కుర్చీలో ఇంకెవడో కూర్చుని ఉన్నాడు. పొడిగా ఉన్నాడు.

"ఈయన కృష్ణచైతన్య. లిలువా రైల్వే వర్క్‌షాప్‌లో ఇంజినీర్. పోయినేడు వాల్తేరు నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చినారు. సంబంధం కోసం వాళ్ళమ్మగారు ఫారం నింపి పంపినారు," అంది లక్ష్మి. తర్వాత వాడి వైపు తిరిగి, "చైతన్యా, టీ తాగుతావా?" అంది.

దా లేదు. ఒట్టి చైతన్య! నా కడుపు భగ్గున మండింది.

వాడు మామ్మ కోసం మట్టిపిడతలో మిష్టీ దోయి అనే తియ్యపెరుగు తెచ్చాడు. ఆమె మోకాళ్ళకి ఏ నూనె మంచిదో చెప్పాడు. బెంగాలీ, హిందీ, తెలుగు మూడూ తడబడకుండా మాట్లాడాడు. చెప్పులు గుమ్మం పక్కన జతగా పెట్టే పద్ధతి కూడా నాకు నచ్చలేదు. వాళ్ళమ్మ నింపిన ఫారం లక్ష్మి తనే చదువుకుంటూ టైప్ చేస్తానంది. నేను తల తుడుచుకుంటూ పళ్ళు నూరుకుంటూ నిలబడ్డాను.

సోమవారం లంచ్‌లో అడగకపోయినా మొదలుపెట్టింది.

"చైతన్య ఎంత బాగా పాడతాడో తెలుసా?"

"తెల్వదు."

"చైతన్యకి చేపల పులుసు కూడా వచ్చంట."

"మంచిది."

"ఏటి శశి దా, అలాగున్నావు? ఒంట్లో బాగోలేదా?"

"ఆకలైతలేదు," అని డబ్బా మూసేశాను. నిజానికి విపరీతమైన ఆకలి. ఆ పూట పస్తున్నాను.

ఆ శనివారం చైతన్య మళ్ళీ వచ్చాడు. ఈసారి ఫారం ఏమీ లేదు, ఊరికే వచ్చాడు. మామ్మ వాణ్ణి ఎగాదిగా చూసి, నాకేసి తిరిగింది.

"బాబూ, ఈ కుర్రోడు బాగున్నాడు. మా లచ్చిమికి సూద్దునా అనిపిస్తంది. నీ మిషన్లో మా ఇంటిపేరు కొట్టి వరస సూడు."

'బమ్మిడి' అని కొట్టాను. దేవుడున్నాడు! కృష్ణచైతన్య పేరు పక్కన ఎర్రగా 'వరస కుదరదు' అని వచ్చింది.

"మామ్మా, కుదరదు! అన్నాచెల్లెళ్ళు అయితరు!" అని పెళ్లివార్త చెప్పినట్టు చెప్పాను.

చైతన్య మొహం వాడిపోయింది. లక్ష్మి స్క్రీన్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి ఊరుకుంది. ఆ సాయంత్రం బస్సులో నిలబడే సాల్ట్ లేక్ దాకా ఈల వేసుకుంటూ వచ్చాను.

నా పండగ వారం రోజులే.

తర్వాతి శనివారం నేను వెళ్ళేసరికి దాలమ్మ అనే ఆవిడ గది మధ్యలో నిలబడి కేకలేస్తోంది. చేతిలో మా ప్రింటు కాగితం.

"మా ఆడబిడ్డ కొడుక్కి నా కూతుర్ని ఇద్దామని చిన్నప్పుడే అనుకున్నాం. అత్త కొడుకు, మేనమామ కూతురు! మీ మిషను అన్నాచెల్లెలంటాదా? ఈ ఎర్ర రాత సూసి మా ఆడబిడ్డ తాంబూలాలు ఆపీసింది. పిల్ల నాలుగు రోజులై అన్నం ముట్టడం నేదు. ఆడంటే దానికి పానం!"

"ఆడబిడ్డ కొడుకా?" అన్నాను.

ఆడబిడ్డ పుట్టిల్లంటే దాలమ్మ అత్తిల్లే. ఆ పిల్లాడి తల్లి పుట్టింటి ఇంటిపేరు, దాలమ్మ కూతురి ఇంటిపేరు ఒకటే. అది మేనరికం. కానీ నా స్టార్ గుర్తు మూడు గళ్ళనీ ఒకే గడిలో కుమ్మరించింది. ఏ ఇంటిపేరు ఎవరిదో తేడా పోయింది. తల్లి పుట్టింటి పేరు కలిసినా మిషను అన్న అనే చెప్పింది.

గబగబా కృష్ణచైతన్య రికార్డు తెరిచాను. ఇంటిపేరు కోరాడ. తల్లి పుట్టింటి ఇంటిపేరు బమ్మిడి.

వాడు లక్ష్మికి అన్న కాదు. బావ!

నిజం చెబితే దాలమ్మ కూతురి పెళ్లి నిలబడుతుంది, చైతన్యకి దారి తెరుచుకుంటుంది. చెప్పకపోతే రెండూ ఆగిపోతాయి. దాలమ్మది మాత్రం సరిచేసి చైతన్యది అలాగే ఉంచితే? సిగ్గులేకుండా ఆలోచించాను. మామ్మకి కళ్ళు కనబడవు. చైతన్యకి స్కీమా తెలీదు. లక్ష్మి కిటికీ దగ్గర నిలబడి నన్నే చూస్తోంది.

దాలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నాలుగు రోజులుగా అన్నం ముట్టని ఆ పిల్లని నేను చూడనైనా చూడలేదు. కానీ ఆ బాధ నాకు బాగా తెలుసు.

"మామ్మా, తప్పు నాది," అన్నాను. "మిషను కాదు, నేను రాసిన రూల్ తప్పు. దాలమ్మగారిది మంచి మేనరికం. ఇంకోటి... ఆ లిలువా ఆయన కూడ లక్ష్మికి అన్న కాదు."

"మరేటవుతాడు?"

"బావ."

మామ్మ మంచం మీద లేచి కూర్చుంది. "మంచి మాటే కదా! నువ్వేల అలా ఏడుపు గొంతెట్టినావు?"

ఇక దాచి ప్రయోజనం లేదు.

"నాకు లక్ష్మి అంటే ఇష్టం మామ్మా. ఆయన అన్న అని తేలంగనే నాకు పండగైంది. నిజమా కాదా అని మల్ల చూడలే. ఆమెకి ఆయనంటే ఇష్టముంటే నేనే దగ్గరుండి పెళ్లి కార్డులు పంచుత." ఆఖరి మాట పచ్చి అబద్ధం.

"నేను సూసినాను," అంది లక్ష్మి.

అందరం అటు తిరిగాం.

"ఆ ఫారం టైప్ చేసింది నేనే కదా. వాళ్ళమ్మ పుట్టింటోళ్ళు బమ్మిడోళ్ళని తెలుసు. ఎర్రగా వచ్చినప్పుడే నీ స్టార్ తప్పని తెలిసిపోనాది."

నోరు వెళ్ళబెట్టాను. "మరి బగ్ ఎందుకు రాయలే? నా మీద పదకొండు రాసినవ్ గదా!"

"ఏల రాస్తాను? అది నాకు పనికొచ్చే బగ్గు." చెంపలు ఎర్రబడ్డాయి. "దాలమ్మ పిన్ని సంగతి ఇవాళే తెలిసింది. నువ్వు సెప్పకపోతే నేనే సెప్పీదాన్ని. నువ్వు సెప్తావో నేదో అని సూస్తన్నాను."

"మరి పాటలు, చేపల పులుసు?"

"ధత్! నువ్వు నోరు విప్పవు, డబ్బా మూసీస్తావు. నీ చేత ఒక్క మాట అనిపించడానికి ఎన్ని చేపలు వండాల?"

దాలమ్మకి ఓపిక నశించింది. "మీ సరసాలు తర్వాత. ముందు నా కాయితం మార్చండి!"

స్టార్ లైన్ తీసేశాను. అబ్బాయి ఇంటిపేరుకి అమ్మాయి ఇంటిపేరు, తల్లి పుట్టింటికి తల్లి పుట్టిల్లు చూసేలా, అమ్మాయి ఇంటిపేరు అబ్బాయి తల్లి పుట్టింటిదైతే 'మేనరికం' అనేలా విడివిడిగా రాశాను. రూల్ మారిస్తే సరిపోదు. కాపీ జరిగేది రికార్డు లోపలికి వెళ్ళేటప్పుడే కాబట్టి, అన్నీ మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాలి. అది నడుస్తున్నంతసేపూ లక్ష్మి పోసిన టీ తాగుతూ, చైతన్యకి ఇంకో మంచి సంబంధం కోసం రిజిస్టరంతా తిరగేశాను. అంత శ్రద్ధగా నేనెప్పుడూ చదవలేదు.

కొత్త కాగితంలో 'మేనరికం' అని వచ్చింది. దాలమ్మ దాన్ని పట్టుకుని గొడుగు కూడా మర్చిపోయి వానలో పరుగెత్తింది.

అప్పుడు మామ్మ తీరిగ్గా నా వైపు తిరిగింది.

"మా వోడివి కావు, మా ఊరోడివీ కావు. సరే, కలకత్తాలో తెలుగోడు దొరకడమే గగనం. నీ ఇంటిపేరేటి బాబూ?"

"ఎలగందుల."

"ఏటీ? మరోపాలి సెప్పు."

చెప్పాను.

"మీ అమ్మ పుట్టింటోళ్ళు?"

"వంగాల."

"వరస సూడకుండా నేనెవరికీ మాటివ్వను. మాయీ, మా కోడలి పుట్టింటోళ్ళవీ, చుట్టాలవీ అన్నీ అందులో ఉన్నాయి. రెండు పేర్లూ కొట్టండి."

లక్ష్మి నన్ను జరిపి కూర్చుంది. ఒక్కో అక్షరం నేను చెబుతుంటే తను కొట్టింది. ఎ, ల, గం. చివర ఎంటర్ నొక్కింది.

"ఏటొచ్చింది?" అంది మామ్మ.

నేను చదవబోతే లక్ష్మి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. స్క్రీన్ మీద వేలు పెట్టి, బడిపిల్లలా కూడబలుక్కుంటూ తనే చదివింది.

"ఏ... మీ... దొ... ర... క... లే... దు."

ఉద్యోగంలో చేరాక ఆ రెండు మాటలూ కనబడినప్పుడల్లా తల పట్టుకునేవాణ్ణి. ఆ రోజు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయితే అడ్డేటీ నేదు," అంది మామ్మ మళ్ళీ దిండు మీద వాలుతూ. "మీ అమ్మానాన్నలకి ఫోన్ కొట్టు."