యార్డు పట్టాల చప్పుడు

ఆవాలు వేగాయో లేదో కాంచన కంటితోనే చూసుకోవాలి. మూకుట్లో అవి ఎగిరిపడుతున్నాయి, అంచు దాటి పొయ్యి గట్టు మీద రాలుతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. చెవిపొర లెక్కలో పోపు చిటపటలు అనవసరమైన శబ్దం. కుక్కర్ కూత, మిక్సీ మోత, పై అంతస్తులో మంచం జరిపే రొద, అన్నీ ఆ జాబితాలోవే. పోపు వేగిన సంగతి కావాలంటే పొరే మెల్లగా చెవిలో చెబుతుంది. అది చెప్పేసరికి కరివేపాకు మాడుతుందని కాంచన దాని మాట ఎప్పుడూ నమ్మలేదు.

చెవి లోపల అతికించే ఈ పొర ఉల్లిపొర కన్నా పలచన. ఊళ్ల రొద మనుషుల నిద్రను, గుండెను తినేస్తోందని తేలాక దాన్ని మొదట ఫ్యాక్టరీ పనివాళ్లకూ బండ్లు నడిపేవాళ్లకూ వేశారు. తర్వాత బడిపిల్లలకు. ఆ తర్వాత వేయించుకోనివాళ్లు అరుదైపోయారు. అది చెడు చప్పుళ్లను ఆపేస్తుంది, అవసరమైనవాటిని శుభ్రం చేసి వినిపిస్తుంది. అన్నిటికన్నా జనానికి నచ్చింది ఇంటి గొంతుల ఏర్పాటు. పొర వేయించుకునే రోజు ఇంటిల్లిపాదీ అది వేసే కేంద్రంలో కూర్చుని కాసేపు మాట్లాడతారు. పొర ఆ గొంతులను స్వరముద్రలుగా దాచుకుంటుంది. ఇక ఎంత గోలలో ఉన్నా, ఎదుటి మనిషికి ఎంత పడిశం పట్టినా, మాట మాత్రం ఆ ముద్రలోని గొంతుతోనే, కడిగిన ముత్యంలా చెవిలో పడుతుంది. కాంచనా ఆమె భర్త ఓబులేసూ కూతురు బడికి పోయే రోజుల్లో వేయించుకున్నారు. ఆ కూతురికి ఇప్పుడు బడికి పోయే పిల్లలున్నారు.

"మే కాంచనా! ఒక్కసారి ఇట్ల రా మే!"

ముందుగదిలోంచి ఓబులేసు పిలుపు. డ్యూటీకి పోతూ టిఫిన్ డబ్బా కోసం తొందరపెట్టే గొంతు, ఎప్పటిలాగే.

ఆమె పొయ్యి ఆపి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ వెళ్లింది. ముందుగదిలో సోఫా లేదు, భోజనాల బల్ల లేదు. గోడ నుంచి గోడ దాకా గుంతకల్లు పాత రైలు యార్డు, బొమ్మంతగా, పరుచుకుని ఉంది. నీళ్ల ట్యాంకు, డీజిల్ షెడ్డు, సరుకు బోగీలు, చేటంత వెడల్పున విడిపోయి మళ్లీ కలిసే పట్టాలు. ఓబులేసు ఆ యార్డులో చివరి డీజిల్ ఇంజను నడిపినవాడు. ఇప్పుడు ఊరి మీదుగా పోయేవన్నీ అయస్కాంతాల మీద తేలే బండ్లు. వాటికి డ్రైవరు లేడు, చప్పుడూ లేదు. పక్షవాతం వచ్చి తగ్గాక ఓబులేసు కుడిచేతి వేళ్లకు పట్టు లేకుండా పోయింది. మనిషి రోజుల తరబడి గోడ చూస్తూ కూర్చుంటే, ఈ నమూనా రైలు ఆలోచన కాంచనే చెప్పింది. చెప్పిన పాపానికి చేసేది కూడా ఆమే అయింది.

"విను," అన్నాడు ఓబులేసు, ఎడమచేత్తో మీట తిప్పుతూ. అరచేయంత ఇంజను బోగీలను లాక్కుంటూ కదిలింది. "ఏమన్నా తేడా వచ్చిందా? నున్నగా పోతాండాది. పట్టాల అతుకుల మీద చక్రం పడితే దడ్ దడ్‌మనల్ల. యార్డులో అతుకు లేని పట్టా యాడుండాది?"

"అతుకులు కోసినా గదా. జానకొకటి."

"కోసినావు. చాలలేదు. అసలు పట్టా మార్చల్ల."

పట్టా ఇదివరకే రెండుసార్లు మారింది. మొదట అంగట్లో దొరికేది వేసింది. పట్టాల మధ్య వెడల్పు మన బ్రాడ్‌గేజికి తక్కువగా ఉందనీ, పట్టాల కింది స్లీపర్లు మరీ దగ్గరగా ఉన్నాయనీ చూడగానే ఆమెకే అర్థమైంది. తీసేసి, టేకు పుల్లలు చీల్చి స్లీపర్లు చేసింది, వెడల్పు కొలిచి పట్టాలు అతికింది. కంకర కోసం గ్రానైటు పొడిని రవ్వ జల్లెడలో పట్టింది. గట్టి జిగురు పోస్తే బల్ల డప్పులా మోగుతుందని తర్వాత ఎక్కడో చదివింది. మొత్తం నానబెట్టి, గీకి, కింద రబ్బరు పరిచి మళ్లీ వేసింది. ఇంజను కడుపులో డీజిల్ మోత పలికే ధ్వనిబిళ్ల పెట్టింది. దాని స్పీకరు విడిగా ఉంటే రేకు డబ్బా చప్పుడు వస్తుంది కాబట్టి చిన్న గొంతుపెట్టె చేసి, సందులు మైనంతో మూసింది. ఎన్ని చేసినా ఓబులేసు మాట ఒకటే: ఇది మన యార్డు కాదు.

"నా వల్ల గాదయ్యా," అంది కాంచన. "నడుము వంగితే లేస్తాలేదు. కండ్లు మసకలు. రాత్రి పండుకుంటే చేతులు వాటంతట అవే అదురుతాండాయి. ఇంగ ఆపుదాం. ఉన్నది ఉన్నట్టు రైలు స్మారకశాలకు ఇచ్చేద్దాం."

ఓబులేసు నవ్వాడు. "నువ్వు ఇదే మాట పోయినసారీ అన్నావు. అంటానే చేస్తివి. నీ సంగతి నాకు తెలీదా?"

ఆమె చెప్పిన ప్రతిసారీ ఇలాగే అయింది. గుండెలోంచి పెకలించి చెప్పిన మాటకు ఈ మనిషి ముచ్చటపడినట్టు నవ్వుతాడు. మొదట్లో కోపం వచ్చేది. కోపం రావడానికి కూడా ఓపిక కావాలి. ముఖం చూసైనా తెలుసుకోడా అనుకునేది కానీ, రోజూ చూసే ముఖం ఎవరికి కనబడుతుంది?

ఆ మధ్యాహ్నం రైలు స్మారకశాల నుంచి మెహరున్నీసా వచ్చింది. పిల్లల విభాగంలో ఈ యార్డును పెడదామని అనుకుంటున్నారు, ముందుగా చూసి రమ్మని పంపారు. ముప్పై దాటని పిల్ల, భుజాన సంచి. కాంచన తలుపు తీసి "రామ్మా, లోపలికి రా. ఎండన పడి వచ్చినావు, నీళ్లు తెస్తా ఉండు" అంది.

మెహరున్నీసా గుమ్మంలోనే ఆగిపోయింది. "ఒంట్లో బాగాలేదామ్మా మీకు? కూచోండి మీరు. నీళ్లు నేనే తెచ్చుకుంటా, యాడుండాయో చెప్పండి."

"ఆమెకేమైంది?" లోపలి నుంచి ఓబులేసు నవ్వాడు. "ఇంజను మాదిరి మనిషమ్మా. పొద్దున లేచినకాడి నుంచి కూత పెట్టడమే!"

మెహరున్నీసా నవ్వలేదు. కాంచనను మరోసారి చూసి లోపలికి నడిచింది. పట్టాలను వంగి చూసింది, ముట్టుకోకుండా. పట్టాలు చీలే పాయింట్ల దగ్గర చాలాసేపు నిలబడింది. "టేకుతో చేసినారా! స్లీపర్ల దూరం కూడా కొలిచినారే," అంది కాంచనతో. "రైలు నడపండి సార్, విందాం."

ఓబులేసు మీట తిప్పాడు. ఇంజను రెండు చుట్లు తిరిగింది. అతను తల అడ్డంగా ఊపుతూ, "ఏమనుకోవద్దమ్మా. చప్పుడు కుదరలేదు. పట్టా మార్చి మళ్ల వేయిస్తాండా," అన్నాడు.

"పట్టా ఏంటికి సార్ మార్చేది? ఇంత బాగుంటే!"

"ఏం బాగు? అతుకు తెలుస్తాలేదు గదా."

మెహరున్నీసా అతని చెవుల వైపు చూసింది. "సార్, మీకు పొర ఉందా?"

"ఊర్లో అందరికీ ఉండాది. నీకు లేదా?"

"లేదు సార్. పాత శబ్దాలు విని వేరుచేసే ఉద్యోగం నాది. పొర ఉంటే పని సాగదు." ఆ పిల్ల కాస్త తటపటాయించింది. "మీరు వింటాండేది మీ రైలు కాదు సార్. రైలు చప్పుడని పొర కనిపెడుతుంది, కనిపెట్టి దాన్ని ఆపేస్తుంది. దాని శబ్ద భాండారంలో సరుకుబండి అని ఒక చప్పుడుంటుంది, శుభ్రం చేసి పెట్టింది. దాన్ని వినిపిస్తుంది. మీరు ఏ పట్టా వేసినా, ఏ స్పీకరు పెట్టినా అదే."

ఇంజను తిరుగుతూనే ఉంది.

"అంటే," అన్నాడు ఓబులేసు, "ఈమె అన్నిసార్లు పీకి వేసిందంతా..."

"నేను వింటాండా గదా సార్. అమ్మ పని ఎక్కడికీ పోలేదు."

కాంచన గోడకు ఆనుకుని నిలబడింది. ఏడవాలనిపించలేదు, నవ్వాలనీ అనిపించలేదు. రెండోసారి కంకర గీకిన రోజున గోళ్ల కింద నెత్తురు చిమ్మిన సంగతి గుర్తొచ్చింది.

మెహరున్నీసా సంచిలోంచి చిన్న సీసా తీసింది. పొరను అతికిన జిగురు వదలడానికి వాడే విడుపు చుక్కలు. "చెవి కొంచెం మండుతుంది, ఒకటి రెండు రోజులు. తర్వాత కావాలంటే కేంద్రంలో మళ్ల వేస్తారు. ఒక్కసారి పొర లేకుండా వినండి సార్. విని ఏమి మార్చాల్నో చెప్పండి. లేదంటే ఇట్లే తీసుకుపోతాం." వెళ్లేముందు ఆమె కాంచన చెయ్యి పట్టుకుని, "మీరు కొంచెం పడుకోండమ్మా," అంది. కాంచనకు ఆ పిల్ల ఎందుకలా అంటోందో తెలియలేదు. అలా అన్నవాళ్లు ఈ మధ్య ఎవరూ లేరు.

తలుపు మూసుకోగానే ఓబులేసు రైలు ఆపి, కుర్చీలో తల వాల్చాడు. "వెయ్యి మే."

కాంచన చుక్కలు వేసింది, దూదితో పొరలు ఒక్కొక్కటిగా తీసింది. తడి కాగితం ముక్కల్లా ఉన్నాయవి. ఓబులేసు ముఖం చిట్లించాడు. "అబ్బా! ఈ ఫ్యాను ఇంత మోత మోగుతాదా?" చేతులతో చెవులు మూసుకుని, మెల్లగా తెరిచాడు. ఎడమచేత్తో మీట తిప్పాడు.

ఇంజను గుడగుడమంది. ముందు తక్కువగా, తర్వాత గొంతుపెట్టె నిండా. కదలగానే బోగీల మధ్య కొక్కేలు ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుంటూ చివరిదాకా ఖణఖణమని పోయాయి. చక్రాలు మొదటి అతుకు మీద పడ్డాయి. దడ్ దడ్. మళ్లీ దడ్ దడ్. పాయింట్లు దాటేటప్పుడు ఆ వరస తప్పి, దడదడమని తడబడి, మళ్లీ దారిలో పడింది. ఓబులేసు కళ్లు మూసుకున్నాడు. అతని ఎడమచెయ్యి మీట మీద బిగుసుకుంది. ఇంజను తలుపులోంచి మొహాన కొట్టే వేడిగాలి కూడా తగిలినట్టుంది ఆ ముఖం చూస్తే.

కాంచన చెవిలో మాత్రం అదే నున్నటి భాండారపు రైలు. తను చేసిన చప్పుడు ఆమెకు వినపడలేదు. అతని ముఖం చూసి కుదిరిందని గ్రహించింది.

"సరిపోయిందా? ఇంగనన్నా నన్ను ఇడిసిపెట్టు," అంది.

ఓబులేసు ఉలిక్కిపడి తలుపు వైపు తిరిగాడు. "ఎవరొచ్చినారు?"

"ఎవరూ రాలేదు. నేనే."

అతను ఆమె పెదవుల వంక చూశాడు. "మళ్ల మాట్లాడు."

"ఏం మాట్లాడల్ల?"

"ఏదో ఒగటి మాట్లాడు మే."

"చారు కాచినా. కూర కాలేదు. ఆకలైతే చెప్పు, పెడతా. ఏమట్ల చూస్తాండావు?"

అరిగిన చీపురు బండల మీద గీసుకుపోతున్నట్టుంది ఆ గొంతు. మాట మధ్యలో ఊపిరి చాలక ఆగుతోంది, ఆగి మళ్లీ లేస్తోంది. ఓబులేసు ఇన్నేళ్లూ విన్నది బడిపిల్ల తల్లిని, పడుచు గొంతుతో "నా వల్ల గాదు" అంటే గోముగా అన్నట్టుండే మనిషిని. ఇప్పుడా మాటలన్నీ, రబ్బరు పరిచేటప్పుడు అన్నవీ, కంకర గీకేటప్పుడు అన్నవీ, పొద్దున అన్నదీ, ఈ గొంతుతో వెనక్కి వచ్చాయి. ఒక్కొక్క దానికీ తను నవ్విన నవ్వు కూడా వచ్చింది.

"ఎప్పట్నుంచి ఇట్లుండావు?" అన్నాడు.

కాంచనకు అది కుర్రవాడి గొంతుతో, హుషారుగా వినిపించింది. "ఎట్లుండా? ఎగతాళి చేసేకి ఇదే దొరికిందా?"

"ఎగతాళి కాదు. ఆపేద్దాం. పట్టా వద్దు, ఏమీ వద్దు. నిన్ను చాలా కష్టపెట్టినా."

"ఇప్పుడంటావు. తెల్లారితే మళ్ల కొత్తది ఏదో చెప్తావు," అని బల్ల మీది సన్నరంపం అందుకుంది, సర్దిపెడదామని. ఓబులేసు దాన్ని ఆమె చేతిలోంచి లాక్కోబోయాడు. అది అతని వేళ్లలోంచి జారి కంకర మీద పడింది. అప్పుడు చూసిందామె. అతని కింది పెదవి వణుకుతోంది, గడ్డం తడిసింది. చెవిలో పలుకుతున్నదేమో టిఫిన్ డబ్బా అడిగే మనిషి. మనిషి ఒకరు, గొంతు ఇంకొకరిది.

ఆమె సీసా అతని ఎడమచేతికి ఇచ్చి, కుర్చీలో తల వాల్చింది.

చుక్కలు చెవిలో కొన్ని, చెంప మీద కొన్ని పడ్డాయి. అతను దూదితో తడుముతూ తడుముతూ పొరలు తీశాడు. మండింది. మంట కాస్త తగ్గాక మొదట వినబడింది రైలు. తను కోసిన అతుకులు, తను మూసిన గొంతుపెట్టె. బాగుందో లేదో చెప్పే ఓపిక ఆమెకు లేదు.

"లేయొద్దులే మే. అట్లే కూసో."

వెనకనుంచి ఎవరో ముసలాయన గొంతు. బొంగురుగా ఉంది. ప్రతి మాట చివరా పిల్లికూత లాంటి గాలి. కాంచన తిరిగి చూడబోయి, చూడలేదు. ఆ గొంతు ఆమెకు తెలియదు. ఎప్పుడు ముసలిదైందో, ఎన్ని రోజులుగా అలా ఆయాసపడుతోందో తెలియదు. రేపు ఈయన్ని డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలి అనుకుంది. అనుకుంటూ ఉండగానే తల పక్కకు ఒరిగింది.

"కూర నేను చూసుకుంటా," అంది ఆ గొంతు. "వింటాండావా?"

ఆమె వినడం లేదు, నిద్రపోయింది. నోరు కొద్దిగా తెరుచుకుంది, ఊపిరి గట్టిగా లోపలికి పోయి, తెగి తెగి బయటకు వస్తోంది. ఓబులేసు ఆ ఊపిరి వింటూ నిలబడ్డాడు. రైలు ఇంకో చుట్టు తిరిగి పాయింట్ల దగ్గరికి వస్తోంది. అక్కడి తడబాటు ఇంకొక్కసారి వినాలని ఉంది అతనికి. అయినా మీట దగ్గరికి వెళ్లి, యార్డులో సరుకుబండిని ఆపేటట్టు, కొద్దికొద్దిగా, ఎడమచేత్తో తిప్పాడు. బోగీలు ఒకదాన్నొకటి తాకకుండా, కొక్కెం ఒక్కటి కూడా మోగకుండా, బండి ఆగింది.