పోటు వేళ గీసిన గీత

"ఈ ఫొటో తీసినప్పుడు సముద్రం పోటు మీద ఉందా, ఆటు మీద ఉందా?"

ఉద్యోగంలో చేరిన మొదటి రోజే దేవిశ్రీ అడిగిన ప్రశ్న అది. హరికిషన్‌కు ఒళ్లు మండింది. కోస్తాలోని ఒక పట్టణంలో ఏ వీధికి సముద్రం వల్ల ముప్పుందో తేల్చే రిపోర్టు అతనిది. బేగంపేట ఆఫీసులో నెల రోజులు కూర్చుని, పదేళ్ల కిందటి శాటిలైట్ ఫొటో మీద, ఈ ఏటి ఫొటో మీద ఒడ్డు గీతలు గీశాడు. పదకొండు వీధులు ఎరుపులోకి వచ్చాయి. ఎరుపంటే ఇళ్లు ఖాళీ చేయాల్సిందే.

"ఏందండీ, చదువుకోకుండనే ఈ పని చేస్తున్ననా?"

"చదివారు సరే. సముద్రాన్ని ఎప్పుడైనా చూశారా?"

రెజిమెంటల్ బజార్‌లో పుట్టి పెరిగిన మనిషి, హుస్సేన్ సాగర్‌కు మించిన నీళ్లు చూడలేదు. ఆ మాట చెప్పలేక కంప్యూటర్ వైపు తిరిగి, ఫొటోలు తీసిన టైమ్ వెతికాడు. పాతది నీళ్లు వెనక్కి తగ్గిన ఆటు వేళది. కొత్తది ముందుకొచ్చిన పోటు వేళది. రోజూ వచ్చిపోయే నీళ్లను కూడా సముద్రం కోసేసిన నేలగా లెక్కేశాడన్నమాట.

"శుక్రవారం రిపోర్టు ఇయ్యాలె," అన్నాడు నీరసంగా.

"అయితే జరగండి. మళ్లీ గీద్దాం."

మూడు రోజులు పక్కపక్కనే కూర్చుని, పాతవీ కొత్తవీ పోటు వేళే తీసిన ఫొటోలు ఏరి గీశారు. బయట ఒకటే వాన.

"మీ హుస్సేన్ సాగర్‌కి పోటు రాదాండీ?"

"వానొస్తే మా గల్లీకే వస్తది."

ఆమె నవ్వింది. ఆ నవ్వు కోసం రోజూ వాన పడాలని అతను కోరుకోవడం మొదలుపెట్టాడు.

గురువారం సాయంత్రానికి తొమ్మిది వీధులు ఎరుపు నుంచి బయటపడ్డాయి. లైట్‌హౌస్ వీధి, దాని వెనక సందు మాత్రం బయటపడలేదు. దేవిశ్రీ నవ్వడం మానేసింది.

"లైట్‌హౌస్ వీధిలో మా పెదనాన్న ఉంటారు. నాన్న పోయాక నేను పెరిగింది ఆ ఇంట్లోనే."

హరికిషన్ కాసేపు ఆలోచించాడు. "ఈ ఏటిదే ఇంకో ఫొటో ఉంది. నీళ్లు జెర ఎక్కువ వెనక్కి పోయినప్పటిది. అది పెడితే మీ వీధి పసుపులకొస్తది, ఖాళీ చేసే పనుండదు."

"నా కోసం గీత జరుపుతారా? రేపు తుఫానొచ్చేసరికి ఆయన ఆ ఇంట్లోనే ఉంటే?"

అతను తల దించుకున్నాడు. "మీ మొఖం చూసి ఆగలేక అన్న. తప్పే."

ఆమె మౌస్ తీసుకుని, తన వీధికి తానే ఎరుపు నింపింది. తర్వాత పెదనాన్నకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది గానీ, ఆయన గొంతు వినగానే మాట రాలేదు. హరికిషన్ ఫోన్ దగ్గరికి జరిగాడు.

"నమస్తే సార్. నా పేరు హరికిషన్, దేవిశ్రీతోని పనిచేస్త. మీ ఇల్లు ఖాళీ చేయాలె. గీత గీసింది నేనే. కోపమొస్తే నన్ను తిట్టండి, ఆమెను కాదు."

అవతలి నుంచి పెదనాన్న వెంకటేశ్వర్లు జవాబిచ్చాడు.

"తిట్టడానికేముంది బాబూ. మొన్న వానలకి పెరటి గోడ సముద్రంలో కలిసిపోయింది. అమ్మాయి బెంగెట్టుకుంటుందని చెప్పలేదు."

దేవిశ్రీ ఏడ్చేసింది.

"సామాను సర్దడం నా ఒక్కడి వల్ల కాదమ్మా," అన్నాడాయన.

"నేనొస్త, పెదనాన్నా," అనేశాడు హరికిషన్, ఆమె పిలుపే నోటికొచ్చి.

దేవిశ్రీ కళ్లు తుడుచుకుని అతని వైపు చూసింది.

"పెదనాన్నా అంటే మీరు నాకు అన్నయ్య అవుతారు. మామయ్యా అనండి."

ఫోన్‌లో వెంకటేశ్వర్లు గొంతు సవరించుకున్నాడు.

"అలా అయితే తొందరగా రా అల్లుడూ. ఇల్లు ఉండగానే ఒకసారి గుమ్మం తొక్కుదువు గాని."