చెప్పకుండా నెట్టాలి

మా అమ్మని ఎవరో నెట్టేస్తుంటే చూస్తూ ఊరుకునే రకం కాదు నేను.

ఆ రోజు స్కూటర్ పార్క్ చేసి ఫిజియోథెరపీ సెంటర్‌లోకి అడుగుపెట్టేసరికి నా కళ్ళ ముందు జరుగుతున్నది సరిగ్గా అదే. స్ట్రోక్ వచ్చి, ఎడమ కాలూ చెయ్యీ మాట వినడం మానేసి, మూడు నెలలు మంచం మీదున్న మా అమ్మ హాలు మధ్యలో నిలబడి ఉంది. నీలం కోటు వేసుకున్న ఒకమ్మాయి నవ్వుతూనే అమ్మ భుజాన్ని ఒక్క తోపు తోసింది.

"ఏయ్! ఏం చేస్తున్నావ్ మా అమ్మని?" అని అరుస్తూ పరిగెత్తాను. దారిలో ఎక్సర్‌సైజుల కోసం వేసిన స్పాంజి దిమ్మ ఉంది. నేను చూడలేదు. మరుక్షణం నేల మీద ఉన్నాను.

అమ్మ మాత్రం ఒక్క అడుగు పక్కకి వేసి, నిలదొక్కుకుని, నన్ను వింతగా చూసింది.

"సూపర్ ఆంటీ! భలే ఆపుకున్నారు," అని, ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "ఈయనెవరు, కొత్త పేషెంటా?"

"మావాడేనమ్మా," అంది అమ్మ, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు. "ఇన్నాళ్ళూ వీడి అక్క తీసుకొచ్చేది. అది వాళ్ళింటికి వెళ్ళిపోయింది. ఇక నాకు వీడే గతి."

నన్ను లేపుతూ ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. "స్ట్రోక్ తర్వాత ఊరికే నిలబడడం వస్తే చాలదండీ. అనుకోకుండా తూలినప్పుడు టక్కున అడుగు వేసి ఆపుకోవడం ఒళ్ళు మళ్ళీ నేర్చుకోవాలి. అందుకే చెప్పకుండా నెడతాం. ఇదిగో, ఆంటీ నడుముకి బెల్టు కట్టాను, అది నా చేతిలోనే ఉంది. పడనివ్వను. ఏం ఆంటీ, బ్రేక్ వేసేముందు మీ డ్రైవర్ మీకు చెప్పి వేస్తాడా?"

"చెప్పడమా? వేసేదాకా వాడికే తెలీదు!"

మా అమ్మ సిటీ బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్ళుగా కదిలే బస్సులో నిలబడే బతికింది. నెలాఖరులోగా "నిలబడగలదు" అని ఈ సెంటర్ కాగితం ఇస్తేనే మళ్ళీ బస్సు. లేకపోతే డిపోలో కుర్చీ, టేబులు, ఫైళ్ళు. కూర్చోబెట్టి జీతం ఇస్తామంటే ఏడ్చిన మనిషిని నేను మా అమ్మనొక్కదాన్నే చూశాను.

"ఇంట్లో రోజుకి ఇరవైసార్లు మీరు నెట్టాలి," అంది ఫిజియో. "గోడ మూలలో నిలబెట్టండి. ముందు కుర్చీ. ఒక చేతిలో బెల్టు, రెండో చేత్తో నెట్టడం. ముందుగా చెప్పకూడదు. అంతే."

అంతే అట! నేను పనిచేసేది గాజు సామాన్ల షాపులో. టీకప్పుని కూడా రెండు చేతులతో ఎత్తే అలవాటు. ఆ సంగతి అమ్మ చెప్పగానే ఫిజియో నాకు "పింగాణీ గారు" అని పేరు పెట్టేసింది.

ఇంటికెళ్ళి బెల్టు కట్టాను. "అమ్మా, ఇప్పుడు నెడతాను. కుడివైపు నుంచి. రెడీనా? ఒకటి... రెండు..."

"నువ్వు మూడు అనేలోపు నేను రిటైర్ అయిపోతాన్రా."

నెట్టాను. అంటే, చెయ్యి ఆనించాను. లెక్క రాయమని ఫిజియో ఇచ్చిన పుస్తకంలో మాత్రం ఇరవై టిక్కులు పెట్టాను.

వారానికి మూడు రోజులు సెంటర్‌కి వెళ్ళేవాళ్ళం. ఆ మూడు రోజులే నాకు వారం. అక్కడున్న తాతలకీ మామ్మలకీ అందరికీ ఆ అమ్మాయి నవ్వులే. నాకొక్కడికే చివాట్లు. తిట్టేటప్పుడు ఆమె ముక్కు మీద చిన్న ముడత పడేది. దానికోసం నేను తిట్లు తినడానికి కూడా సిద్ధమైపోయాను. ఓ సాయంత్రం వానలో ఆమె గొడుగు గాలికి తిరగబడితే పరిగెత్తుకెళ్ళి సరిచేశాను. సరిచేసేసరికి రెండు ఊచలు విరిగాయి.

"పక్కనే టీ బాగుంటుందండీ. వాన తగ్గేదాకా..." అన్నాను.

"కుదరదండీ," అని, విరిగిన గొడుగుతో ఆ వానలోనే వెళ్ళిపోయింది. ఇంకో వారం ధైర్యం కూడగట్టుకుని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మాట. సరే, మనకి అంత అదృష్టం లేదనుకున్నాను.

నెలాఖరుకి పది రోజులున్నాయనగా ఫిజియో అమ్మని చెప్పకుండా నెట్టింది. అమ్మ అడుగు వెయ్యలేదు. తూలి, బెల్టుకి వేలాడింది. ఫిజియో అమ్మని కూర్చోబెట్టి, నన్ను పక్కకి పిలిచింది.

"రోజూ నెడుతున్నారా?"

"ఇరవై టిక్కులు ఉన్నాయి కదండీ."

"టిక్కులు కాదు. నన్ను నెట్టండి, చూస్తాను."

నెట్టాను. ఆమె తన భుజం వైపు, నా రెండు వేళ్ళ వైపు చూసింది. "నా కోటు మీద దుమ్ము దులుపుతున్నారా?"

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"పింగాణీ గారూ, నిజం చెప్పండి. ఆంటీ బస్సెక్కడం మీకు ఇష్టం లేదా? లేక ఇక్కడికి రావడం మానెయ్యడం ఇష్టం లేదా?"

ఆ రెండోది నాకు ఎప్పుడూ తట్టలేదంటే అబద్ధం. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ అసలు కారణం అది కాదు. ఆమె అడిగేదాకా ఎవరికీ చెప్పని మాట నోట్లోంచి వచ్చేసింది.

"స్ట్రోక్ వచ్చిన రోజు వంటింట్లో అమ్మ పడిపోయి ఉంటే ముందు చూసింది నేనేనండీ. నెడదామని చెయ్యెత్తితే అదే కనిపిస్తుంది. భయం."

ఆమె ముక్కు మీద ముడత పోయింది. "ఆ రోజు ఆంటీని పట్టుకోడానికి పక్కన ఎవరూ లేరు," అంది మెల్లగా. "ఇప్పుడు బెల్టు మీ చేతిలో ఉంది. మీరు పట్టుకుంటారు. పట్టుకునేవాళ్ళే నెట్టాలండీ."

ఆ రోజే మొదటిసారి మా అమ్మని నిజంగా నెట్టాను. అమ్మ తూలింది. పట్టుకున్నాను. తర్వాత అమ్మ కళ్ళు తుడుచుకుని, "అదీ! మళ్ళీ కానీ!" అంది.

ఇక ఆపితే ఒట్టు. టీవీలో వార్తలు వింటుంటే నెట్టాను. అక్కతో ఫోన్‌లో మాట్లాడుతుంటే నెట్టాను. "గట్టిగా నెట్టరా దద్దమ్మా, అన్నం తినలేదా!" అని అమ్మ కేకలు. అది విని పక్కింటి పెద్దాయన కిటికీలోంచి తొంగిచూసి, "కన్నతల్లినే నెడతావా? నీకు కళ్ళు పోతాయి!" అని శపించాడు. అమ్మ ఆయన్నే తిరగబడి తిట్టింది, మధ్యలో పని ఆపించినందుకు.

ఆఖరి రోజు పరీక్ష. ఫిజియో కుర్చీలు రెండు వరసలు వేసి, మధ్యలో బస్సులో ఉండేంత సందు వదిలింది. కుర్చీల్లో సెంటర్ పేషెంట్లంతా ప్రయాణికులు. అమ్మ ఆ సందులో నడుస్తూ టిక్కెట్లు కొట్టాలి. వెనక బెల్టు పట్టుకుని నేను.

ఎడమ నుంచి నెట్టాను. అమ్మ ఒక్క అడుగు వేసి ఆగింది. వెనక్కి లాగాను. ఆగింది. ఫిజియో కళ్ళతో సైగ చేసింది: ఇంకా గట్టిగా. అమ్మ ఒక తాతయ్యకి టిక్కెట్ ఇస్తుండగా నా బలమంతా పెట్టాను. అమ్మ రెండడుగులు వేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఏంటా తొందర? స్టాపు రానివ్వండి!"

హాలంతా చప్పట్లు. ఫిజియో సంతకం పెట్టి స్టాంపు కొట్టింది. అమ్మ ఆ కాగితాన్ని గుండెకి అదుముకుంది. నాకు ఒక కన్ను నవ్వింది, ఒక కన్ను ఏడ్చింది. వస్తామండీ అని తలుపు దాకా వెళ్ళాను. బయట వాన.

"ఆగండి," అంది ఫిజియో, ఫైలు బీరువాలో పెడుతూ. "ఫైల్ క్లోజ్ అయింది. ఇప్పుడు అడగండి."

"ఏం అడగాలండీ?"

"రెండుసార్లు అడిగారుగా, మర్చిపోయారా? పేషెంట్ ఇంట్లోవాళ్ళతో టీ తాగకూడదని ఇక్కడ రూలు. ఆంటీ ఎంత త్వరగా డిశ్చార్జ్ అయితే అంత త్వరగా తాగుదామని నేను ప్రాణాలు తోడేస్తుంటే, మీరేమో దుమ్ము దులుపుతూ కూర్చున్నారు! వచ్చినప్పుడల్లా ఎందుకు తిట్టాననుకున్నారు?"

అమ్మ నిట్టూర్చింది. "రెండో వారంలోనే నాకు తెలుసమ్మా. వీడికి చెప్పినా అర్థం కాదని ఊరుకున్నాను. మీరు టీకి పొండి. నేను బస్సులో ఇంటికెళ్తాను. ఒక్కదాన్నే."

మేం కాదనేలోపు ఎదురుగా స్టాపులోకి బస్సు వచ్చింది. అమ్మ ఎక్కేసింది. అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. ఎవరో లేచి సీటు ఇవ్వబోతే, అమ్మ ఆయన్నే తిరిగి కూర్చోబెట్టింది. బస్సు ఒక్క కుదుపుతో కదిలింది.

"రాడ్ పట్టుకుందా?" అంది ఫిజియో కంగారుగా.

"కనపడట్లేదు!"

ఇద్దరం వానలో బస్సు వెంట పరుగు. సిగ్నల్ దగ్గర అందుకున్నాం. అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. "టీ తాగమంటే బస్సు వెనక పడతారేంట్రా! రాడ్ పట్టుకునే ఉన్నాను, పొండి!"

బస్సు వెళ్ళిపోయింది. ఇద్దరం నిలువెల్లా తడిసిపోయి, రొప్పుతూ, నవ్వుతూ రోడ్డు పక్కన నిలబడ్డాం.

"మీరంటే నాకు చాలా ఇష్టమండీ," అన్నాను.

"తెలుసు. నాక్కూడా," అంది.

అప్పుడు చూసుకున్నాం, మా చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. పరుగులో ఎవరు ముందు పట్టుకున్నారో తెలీదు. టీ కొట్టు దాకా ఇద్దరమూ వదల్లేదు.